ఎక్కిన గేరులోనే దిగాలి
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఇంజినీరుగా నా అనుభవాలు చెప్పమన్నారు. అంతకంటే పనికొచ్చే అనుభవం ఒకటుంది. నేను పదిహేనేళ్లు తాగాను. మాని పదకొండేళ్లయింది. మా మాస్టార్ల ఎదుట ఈ మాట చెప్పడం కష్టంగానే ఉంది. ఎందుకు చెబుతున్నానో చివర్లో మీకే తెలుస్తుంది.

సైటులో పని ముగిశాక ఒళ్లునొప్పులకని మొదలైంది. కొన్నాళ్లకి నిద్ర కోసం, ఆ తర్వాత పొద్దున్నే చేతులు వణక్కుండా ఉండటం కోసం తాగాను. అప్పటికది సరదా కాదు, జబ్బు. మత్తు పదార్థం మెదడులో డోపమైన్ అనే రసాయనాన్ని ఒక్కసారిగా పెంచుతుంది. రోజూ అలా జరుగుతుంటే మెదడు దానికి తగ్గట్టు సర్దుకుని, మత్తు లేనిదే మామూలుగా ఉండలేని స్థితికి వస్తుంది. మోతాదు పెరుగుతూ పోవడం, మానితే ఒంట్లో బాగుండకపోవడం, నష్టమని తెలిసీ ఆపలేకపోవడం దాని గుర్తులు.

మా నాన్న లారీ డ్రైవరు. సాలూరు నుంచి మన పి.కోనవలస ఘాటు ఎక్కి, సుంకి మీదుగా కోరాపుట్ వెళ్లేవాడు. సెలవుల్లో నన్ను క్యాబిన్‌లో కూర్చోబెట్టుకుని చెప్పేవాడు: "ఒరే, ఏ గేరులో ఎక్కినావో ఆ గేరులోనే దిగాల. ఒక్క బ్రేకునే నమ్ముకుంటే వేడెక్కి పట్టడం మానేస్తాది."

నేను బ్రేకునే నమ్ముకున్నాను. దేవుడి ముందు ఒట్టు పెట్టుకున్నాను, పిల్లల మీద ప్రమాణం చేశాను. మూడోసారి ఎవరికీ చెప్పకుండా ఒక్కసారిగా ఆపేశాను. రెండో రోజు రాత్రి ఫిట్స్ వచ్చాయి. నా భార్య ఇరుగుపొరుగును లేపి ఆసుపత్రికి చేర్చకపోతే ఈ రోజు ఇక్కడ నిలబడేవాణ్ణి కాదు. ఏళ్ల తరబడి ఎక్కువగా తాగినవాళ్లు హఠాత్తుగా మానితే ప్రాణం మీదికి రావచ్చని అప్పుడే తెలిసింది. మానడం డాక్టరు చేతుల మీదుగా జరగాలి.

ఆ మొదటి వారం వణుకు, ఫిట్స్ రాకుండా మందులిచ్చారు, బి1 విటమిన్ ఇచ్చారు. తర్వాత తాగాలన్న యావను తగ్గించే మందులు ఉంటాయి. నాల్ట్రెక్సోన్, అకాంప్రోసేట్ అలాంటివే. డైసల్ఫిరామ్ అని మరొకటుంది. అది వేసుకుని తాగితే వాంతులు, గుండెదడ వస్తాయి, రక్తపోటు పడిపోతుంది. దాన్ని మనిషికి తెలియకుండా కూరలో కలిపి పెట్టే ఇళ్లు ఉన్నాయి. దయచేసి అలా చేయకండి, ప్రాణాలు పోవచ్చు.

మందుతో పాటు కౌన్సెలింగ్ ఉండాలి. ఏ వేళకు, ఎవరి పక్కన, ఏ బాధలో చేయి గ్లాసు మీదికి పోతుందో అక్కడ తెలుస్తుంది. నేను జేబులో చిన్న పుస్తకం పెట్టుకుని రాసుకునేవాణ్ణి. జీతం రోజు, ఆకలి మీద ఉన్న సాయంత్రం, ఎవరితోనైనా మాటామాటా పెరిగిన రోజు నాకు ప్రమాదం. ఇక తోడు. 1935లో అమెరికాలోని ఆక్రన్‌లో తాగుడుతో చితికిపోయిన ఇద్దరు, ఒక స్టాక్ బ్రోకరు, ఒక సర్జను, ఒకరికొకరు ఆసరాగా నిలిచి మొదలుపెట్టిన ఆల్కహాలిక్స్ అనానిమస్ సమావేశాలు మన రాష్ట్రంలోనూ జరుగుతాయి. ఫీజు లేదు, పూర్తి పేరు అడగరు.

ఏడు నెలలకి, మా నాన్న దినం నాడు మళ్లీ తాగాను. అంతా పోయిందనుకున్నాను. ఈ బడి స్నేహితుడొకడు వచ్చి, ఒక్క నీతివాక్యం చెప్పకుండా, "లే, డాక్టరు దగ్గరికి పోదాం" అన్నాడు. బీపీ, షుగరు మళ్లీ పెరిగితే మందు మారుస్తారు గానీ మనిషిని వెలివేయరు. ఇదీ అంతే.

1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా మీద తిరగబడ్డారు. 1995లో రాష్ట్రంలో మద్యనిషేధం వచ్చింది, 1997లో సడలింది. 2021లో ఆపరేషన్ పరివర్తన పేరుతో విశాఖ మన్యంలో వేల ఎకరాల గంజాయి తోటలు నరికారు. సరుకును ఆపడం అవసరమే. కానీ అప్పటికే అలవాటుపడ్డవాడికి వైద్యం కావాలి. గంజాయికి చిక్కిన పిల్లలుంటే మాస్టార్లు గమనించండి. వాడకందారు తనంతట తాను గుర్తింపు పొందిన కేంద్రంలో చికిత్సకు వస్తే, కొన్ని షరతులతో కేసు నుంచి రక్షణ ఇచ్చే 64ఎ సెక్షను 1985 నాటి మత్తుమందుల చట్టంలోనే ఉంది. ఫోను చేయడానికి 14446 ఉంది. మనసు బాగాలేకపోతే టెలి మానస్ 14416 ఉంది.

ఇక మొదట్లో దాచిన మాట. కిందటిసారి మన బ్యాచి కలిసినప్పుడు ఒకడు పొద్దున్నే తాగి వచ్చాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. అప్పటికే నేను మానేసి ఉన్నాను. వాడి పక్కన కూర్చుని "నేనూ అక్కడి నుంచే వచ్చాను, రా, తీసుకెళ్తాను" అనొచ్చు. పరువు అడ్డొచ్చింది. ఆరు నెలలకి వాడు పోయాడు.

మన సంఘాన్ని ఒక్కటే కోరుతున్నాను. సాయం అడిగినవాడి వెంట ఆసుపత్రికి వెళ్లి, బయట బల్ల మీద కూర్చునే నలుగురి పేర్లు ఉండాలి. మొదటి పేరు నాది రాయండి. రాత్రయినా సరే, ఫోను ఎత్తుతాను.