పల్లెకు బస్సు దయ కాదు, హక్కు

(విద్యార్థి, ఉద్యోగుల సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)



ఈ సభ అయిపోయేసరికి ఊరికి ఆఖరి బస్సు దొరుకుతదా లేదా అన్న గుబులుతో ఇక్కడ కొందరు కూసున్నరు. వాళ్ల గురించే మేం మాట్లాడదలచుకున్నం.

మన దగ్గర బస్సు పుట్టిందే సర్కారు శాఖగా. 1932లో నిజాం రాష్ట్ర రైలు, రోడ్డు రవాణా శాఖ కింద 27 బస్సులతో, 166 మంది సిబ్బందితో అది మొదలైంది. 1958లో కార్పొరేషన్ అయింది. అప్పటి నుంచి పల్లె బస్సు మాటెత్తితే చాలు, నష్టం లెక్క ముందర పెడుతున్నరు.

చట్టం ఏమంటున్నది? 1950 నాటి రోడ్డు రవాణా సంస్థల చట్టం 22వ సెక్షన్ వ్యాపార సూత్రాల మీద నడవాలన్నది నిజమే. కానీ అదే చట్టం 18వ సెక్షన్ ప్రజలకు సరిపోయినంత, చవకైన రవాణా కల్పించడం సంస్థ బాధ్యత అన్నది. పాలకులు ఎవరైనా సరే, వాళ్లకు 22 కనబడ్డట్టు 18 కనబడదు.

ఊరి బస్సు ఒక్క రోజులో బందు కాదు. ముందు పొద్దుగాల ట్రిప్పు తీసేస్తరు. కాలేజీ పిల్లలు ఆటో ఎక్కుతరు. దాంతో మిగిలిన ట్రిప్పులో జనం తగ్గుతరు. జనం లేరని దాన్నీ తీసేస్తరు. రాత్రికి ఊర్లనే ఆగి తెల్లారి బయలుదేరే నైట్ హాల్ట్ బస్సు పోయిన ఊర్లె ఆడపిల్ల చదువు పదో తరగతి కాడ ఆగితే, ఆ నష్టాన్ని ఏ డిపో లెక్కల రాస్తరు?

2018 సెప్టెంబర్ 11న కొండగట్టు ఘాట్ రోడ్డు మీద కిక్కిరిసిన బస్సు లోయల పడి 60 మందికి పైగా చనిపోయిండ్రు. తర్వాత బస్సు వస్తదన్న నమ్మకం లేని చోట జనం వచ్చిన బస్సులనే ఇరుక్కుంటరు. ఆ సంగతి మనం మరువొద్దు.

2011 సకల జనుల సమ్మెల ఆర్టీసీ కార్మికులు చక్రం ఆపి ఉద్యమానికి బలమైండ్రు. 2019ల వాళ్లే తమ కోసం 52 రోజులు సమ్మె చేస్తే, 5,100 రూట్లను ప్రైవేటుకిస్తమని అప్పటి మంత్రివర్గం తీర్మానించింది. ఆనాడు వాళ్ల పక్కన మనం ఎంతమందిమి నిలబడ్డం? మనల్ని మనమే అడుక్కోవాలె.

2023 ఆగస్టుల కార్మికులను ప్రభుత్వ ఉద్యోగులుగా తీసుకునే బిల్లును శాసనసభ ఆమోదించింది. అదే ఏడాది డిసెంబర్ 9 నుంచి మహిళలకు ఉచిత ప్రయాణం వచ్చింది. రెండూ మంచివే. కానీ టికెట్ మాఫీ అయినంత మాత్రాన బస్సు రాని ఊరికి బస్సు రాదు. ఎక్కేటోళ్లు పెరిగినప్పుడు బస్సులూ పెరగాలె. లేకుంటే సీటు కోసం ఆడోళ్లూ మొగోళ్లూ కొట్లాడుకుంటరు, అసలు దోషి తప్పించుకుంటడు.

అందుకే మనం మూడు మాటలు గట్టిగ అడుగుదాం. గ్రామసభను అడగకుండ ఒక్క ట్రిప్పు కూడ తీయొద్దు. ఉచిత ప్రయాణం పైసలు, విద్యార్థి పాసుల రాయితీ ప్రభుత్వం సంస్థకు నెలనెలా కట్టాలె. పల్లె వెలుగు బస్సులకు బడ్జెట్ల విడిగ పైసలు పెట్టాలె.

బడికి, దవాఖానకు లాభమెంతని అడుగుతలేం. ఆ రెండింటి కాడికి తీస్కపోయే బస్సునెందుకు అడగాలె? రేపు మీ ఊరికి పోంగనే ఏ బస్సు ఎప్పుడు బందైందో రాసి పెట్టుండ్రి. ఆ కాగితం పట్టుకొని అందరం కలిసి డిపోకు పోదాం.