ఉక్కలో దూరపు పరుగు
(మన గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగము)



ఈ పండుగనాడు భాగవతమును గూర్చియో భారతమును గూర్చియో నాలుగు మాటలు చెప్పుమని కార్యదర్శిగారు కోరిరి. ఊరిలెక్కలు వ్రాసికొని బ్రదుకు నాకు ఆ గ్రంథములను పరిచయము చేసినది ఏ గురువును గాదు, ఈ గ్రంథాలయపు బీరువాయే. కనుక ఆ కోరిక న్యాయమైనదే. అయినను నేడు నేను మారథాను అను దూరపు పరుగును గూర్చి మాట్లాడ దలచితిని. అందులకు కారణము మన అరుగుమీదనే పుట్టినది.

గడచిన ఆగస్టులో మా అన్నగారి కుమారుడు హైదరాబాదు మారథానునకు పోయి, ముప్పదిరెండవ కిలోమీటరు దాటిన పిమ్మట ఆగిపోయి, పతకము లేకయే తిరిగివచ్చెను. మరునాడు మన చదువు గదిలో ఎవరో వానికి వినబడునట్లుగా భర్తృహరి సుభాషితములలోని పద్యము నొకదానిని రాగముతో చదివిరట. పనిని మొదలుపెట్టనే పెట్టనివారు, మొదలుపెట్టి విఘ్నము రాగానే విడుచువారు, ఎన్ని విఘ్నములు వచ్చినను విడువనివారు అని మనుష్యులను మూడు తరగతులుగా చేసిన పద్యము అది. అంతటితో పోయియుండిన నేను ఊరకుందును. చదివినవాని కంఠము మంచిదని కూడ విన్నాను. కాని వచ్చు ఆగస్టునకు మన యూరినుండి మరి నలుగురు పోవుచున్నారు. వారిలో నొకడు ఆ పద్యము విని, “నేను ప్రాణము పోయినను ఆగను” అనెనట. ఆ మాట నా చెవిని బడినది మొదలు నాకు సరిగా నిద్ర లేదు.

ముందుగా ఈ పరుగు ఎంతటిదో చెప్పెదను. దీని దూరము 42 కిలోమీటర్ల 195 మీటర్లు. పాత లెక్కలో 26 మైళ్ల 385 గజములు. మన తాతల మాటలో మూడు ఆమడల పైచిలుకు. మదనపల్లెలో బయలుదేరినవాడు పుంగనూరు చేరి, అక్కడ నిలువక ఇంకను చాలదూరము పోవలెను. 1896లో ఏథెన్సు నగరమున దీనిని మొదట పందెముగా పెట్టినప్పుడు దూరము సుమారు 40 కిలోమీటర్లే. 1908 లండను ఒలింపిక్సులో ఇప్పటి కొలత వచ్చినది. 1921లో అదియే స్థిరపడినది.

దీనికి మూలముగా ఒక కథ చెప్పుదురు. గ్రీకులు మారథాను అను మైదానమున పారశీకులను గెలిచినప్పుడు ఒక వార్తాహరుడు ఏథెన్సు దాక పరుగెత్తి, “గెలిచితిమి” అని చెప్పి కూలి మరణించెనట. మన పిల్లవానికి నచ్చినది ఈ చావే యని తోచుచున్నది. కాని ఆ యుద్ధము జరిగిన శతాబ్దములోనే దాని చరిత్రను వ్రాసిన హెరొడోటసు ఈ మరణమును చెప్పనే లేదు. యుద్ధమునకు ముందు సహాయము కోరుటకై స్పార్టాకు పరుగెత్తిన వార్తాహరుని గూర్చి మాత్రమే వ్రాసినాడు. చచ్చిపోయిన కథ అయిదారు శతాబ్దములు గడచిన పిదప ఇతరులు వ్రాసినది. నా వృత్తిలో ఇట్టివానిని తరువాతి సిరాతో వ్రాసిన పద్దులందురు. వానిని నమ్మి భూమి కొనరాదు.

ఇక ఉక్క సంగతి. మదనపల్లె, కుప్పము సముద్రమట్టమునకు సుమారు 700 మీటర్ల ఎత్తున నున్నవి. మన గాలి చాలవరకు పొడిగాలి. ఈ గాలి మేలనియే క్షయరోగుల కొరకు మదనపల్లె చేరువ ఆరోగ్యవరములో 1915లో ఆసుపత్రి నెలకొల్పిరి. ఇట్టి గాలిలో పెరిగి, తెల్లవారుజామున పుంగనూరు బాటపైని పరుగెత్తి, ఆదివారములు హార్సిలీ కొండ ఘాటు ఎక్కిన పిల్లవాడు తన కాళ్లను నమ్ముట సహజము. కాని హైదరాబాదు పరుగు జరుగునది వానకాలము నడిమిని. చెన్నపట్టణములోను విశాఖపట్టణములోను పందెము చలికాలమున పెట్టినను, సముద్రపు తేమ ఆ కాలమునను విడువదు. పొడిగాలిలో నేర్చిన వేగమును తడిగాలిలోనికి తీసికొనిపోవుటయే చిక్కు.

ఎందుకో మన ఇంటి కుండ చెప్పగలదు. ఎండకాలములో మట్టికుండ నీరు చల్లగా నుండును. నీరు కుండ ఒంటిగుండ చెమర్చి, గాలికి ఆవిరియై, పోవుచు పోవుచు వేడిని తీసికొనిపోవును. ముసురు పట్టిన దినములలో అదే కుండ, అదే నీరు. చల్లదనము మాత్రము లేదు. కుండ చెమర్చుచునే యుండును. గాలి ఆ తేమను పుచ్చుకొనదు. మనిషి ఒళ్లును ఇట్టి కుండయే.

దీనిని జమాఖర్చుగా వ్రాసి చూపెదను. ఓపిక పట్టుడు, ఒక పుటకు మించదు. అరువది కిలోల మనిషి ఒక కిలోమీటరు పరుగెత్తుటకు ఇంచుమించు 60 కెలరీలు ఖర్చుపెట్టును. మొత్తము పరుగునకు 2,500. ఇందులో కాళ్ల పనికి పోవునది కొద్ది. సుమారు 2,000 కెలరీలు వట్టి వేడిగా ఒంటిలో జమ పడును. అంతటి శరీరమును ఒక్క డిగ్రీ వేడెక్కించుటకు 50 కెలరీలు చాలును. అనగా ఖర్చే లేకయుండిన, 37 డిగ్రీల మనిషి మరి 40 డిగ్రీలు ఎక్కవలెను! అట్లు జరుగకుండ కాపాడునది చెమట. ఒక లీటరు చెమట ఆవిరియైన సుమారు 580 కెలరీలు తీసికొనిపోవును. మూడున్నర లీటర్లు ఆవిరియైన పద్దు సరిపోవును. ఇక్కడ ఒక్క మాట గట్టిగా పట్టుకొనుడు: ఆవిరియైన చెమట మాత్రమే ఖర్చు. ముక్కుకొననుండి నేలపై బడిన చెమటను ఖర్చులో వ్రాయరాదు. ఉక్కలో చెమట ధారలుగా కారును, నేల తడియును, చొక్కా పిండుకొనవచ్చును. వేడి నిలువ మాత్రము పెరుగుచునే యుండును. లోపలి వేడి 40 డిగ్రీలు దాటి మతి తప్పెనా, ఆపద వాకిట నిలిచినదన్న మాట.

1912లో స్టాక్‌హోము ఒలింపిక్సు మారథాను మంచి ఎండలో జరిగెను. పోర్చుగలు దేశపు ఫ్రాన్సిస్కో లాజరో అను యువకుడు దారిలో కూలి, మరునాడు మరణించెను. ఎండకు ఒళ్లు కాలకుండుటకై ఒంటికి మైనము పూసికొనెనని చెప్పుదురు. ఖర్చు ద్వారమునే మూసివేసినట్లు! 2019లో దోహా నగరమున ప్రపంచపోటీలు జరిగినప్పుడు ఎండకు వెరచి స్త్రీల మారథానును అర్ధరాత్రి పెట్టిరి. సూర్యుడు లేకున్నను వేడి ముప్పది డిగ్రీలు దాటియుండెను, తేమ నూటికి డెబ్బదికి మించియుండెను. ప్రపంచమున మేటివారైన 68 మంది బయలుదేరిరి. 40 మంది మాత్రమే గమ్యము చేరిరి. ఆగిన 28 మందిని ఏ తరగతిలో వేయవలెనో ఆ పద్యము చదివిన నాయన నాకు చెప్పవలెను.

ఇప్పుడు మా వాని సంగతి. బయలుదేరునప్పుడు వానికి నేనొక పని అప్పగించితిని. పరుగులో ప్రతి కిలోమీటరు రాతి దగ్గరను పదమూడవ ఎక్కము ఒకసారి అప్పజెప్పుకొనుమంటిని. కాలు నొచ్చిన పోవచ్చును, ఊపిరి ఎగసిన నెమ్మదింపవచ్చును, ఎక్కము తప్పిన మాత్రము ఆగవలెను. ఏలయనగా ఉక్క దెబ్బ మొదట తినునది కాలిని గాదు, బుద్ధిని. బుద్ధి చెడినవానికి తన బుద్ధి చెడినదని తెలియదు. లెక్కకు మాత్రము తెలియును.

నెక్లెస్ రోడ్డువద్ద చీకటి విడువకమునుపే బయలుదేరిరట. రాత్రి వాన కురిసి వెలిసినది. వంతెన లెక్కుచు దిగుచు సగము దూరము బాగుగనే పోయినాడు. పిమ్మట ఎండ పొడచూపి, తడిసిన రోడ్డునుండి ఆవిరి లేచినది. ముప్పదవ రాయి దాటిన పిదప ఆ ఉడుకులో వాని చేతులపై వెండ్రుకలు నిక్కబొడుచుకొని చలి పుట్టెనట. ముప్పదిరెండు దాటినంతనే పదమూడేడ్లు ఎంతయో తోచలేదు. రెండుసార్లు ప్రయత్నించినాడు. డెబ్బదియొకటి వచ్చినది, పిదప నూటనాలుగు వచ్చినది. ఆగి దారి ప్రక్కన గూర్చుండినాడు. అక్కడి స్వచ్ఛందసేవకులు మెడపైని చంకలలోను మంచు పెట్టి, తడిపి, విసరి, గంటసేపటికి మనిషిని చేసిరి. గచ్చిబౌలి మైదానము ఇంకను పది కిలోమీటర్ల దూరమున మిగిలిపోయినది. వారికి ఈ సభాముఖమున నా నమస్కారము.

అయ్యా, భర్తృహరి పద్యమును నేను తక్కువ చేయుటలేదు. అది నాకును కంఠస్థమే. కాని అందలి విఘ్నము వేరు, ఇది వేరు. బయటినుండి వచ్చి పనికి అడ్డము నిలుచునది విఘ్నము. దానిని దాటిన పని నెరవేరును. పని చేయవలసిన ఒళ్లే ఉడికిపోవుచున్నప్పుడు దాటుటకు ఎవడు మిగులును? కాలయవనుడు తరుముకొని వచ్చినప్పుడు శ్రీకృష్ణుడు నిలిచి పోరలేదు. పరుగెత్తి ముచుకుందుని గుహ చేరినాడు. జరాసంధుని దాడులనుండి ప్రజలను కాచుటకై మథురనే విడిచి ద్వారకకు పోయినాడు. పోతనగారి భాగవతము చదివి చేతులు జోడించు మనము ఆయనను రెండవ తరగతిలో వేయుదుమా? హనుమంతుడు మైనాకునిపై విశ్రమింపక పోయెను గదా అని ఒక మిత్రుడు నాతో వాదించినాడు. నిజమే. ఆయన వాయుపుత్రుడు, గాలి ఆయన ఇంటి సొత్తు. మన గాలి అరువుది.

అష్టాంగహృదయమున వాగ్భటుడు వ్యాయామమును గూర్చి చెప్పుచు, బలవంతుడు సైతము తన శక్తిలో సగము మేరకే, అదియు చలికాలమునను వసంతమునను చేయవలెననియు, తక్కిన ఋతువులలో ఇంకను తక్కువగా చేయవలెననియు నియమించినాడు. ఈ లెక్కన ఆగస్టు మారథాను శాస్త్రవిరుద్ధమే. పోవద్దని నేను చెప్పను. చెప్పినను ఈ నలుగురు వినరు. శాస్త్రము తెలిసి పొండని మాత్రము చెప్పుదును.

మడక దున్ను రైతు లిక్కడ చాలమంది యున్నారు. ఎద్దు నోట నురుగు గట్టి, నాలుక వ్రేలవైచినప్పుడు చాలు నడిమిలో నున్నను మీరు మడక విప్పుదురు. ఏ యూరనైనను దానిని చూచి నవ్వినవాడు కలడా? విప్పనివానినే నాలుగు తిట్టుదురు. ఎద్దునకు చూపు దయను అన్న కొడుకునకు చూపరాదని ఏ పురాణమున నున్నదో నేను చదువలేదు.

నీటి విషయము చెప్పి ముగించెదను. ఇందులోను పొరపాటు కలదు. ఎంత త్రాగిన అంత మంచిదని అందరు నమ్ముదురు. 2002లో అమెరికాలోని బోస్టను మారథానున 488 మంది రక్తమును పరీక్షింపగా, నూటికి పదుమువ్వురలో ఉప్పు తగ్గియుండెను. అతిగా త్రాగుటయే దానికి ముఖ్యకారణమని తేలినది. ఆ పరుగుననే ఒక యువతి ఈ కారణముచేతనే మరణించెను. కావున దాహమైనంత త్రాగుడు. చెమటతో పోయిన ఉప్పును కొంత మరల చేర్చుడు. ఉప్పు వేసిన పలుచని మజ్జిగ, రాగి అంబలి మన యింటివే. పందెములో అవి దొరకవు గనుక ఆసుపత్రులలో ఇచ్చు ఓ.ఆర్.ఎస్. పొట్లములు నడుమున కట్టుకొనుడు. బూట్ల ధరను గూర్చి దిగులుపడు పిల్లవాడొకడు కలడు. 1960లో రోమునగరమున అబెబె బికిలా వట్టికాళ్లతోనే గెలిచినాడని వానికి చెప్పితిని. మన శివనాథసింగును వట్టికాళ్ల పరుగునకే పేరుపొందినాడు. 1978లో జలంధరులో ఆయన 2 గంటల 12 నిమిషములలో ముగించినది నాలుగు దశాబ్దములకు పైగా భారతదేశపు రికార్డుగా నిలిచినది. ఆయన కాళ్లు వేరు గనుక, బూట్లకై చందా వేయుదము.

ఉక్క ఒంటికి అలవాటగుటకు పది పదునాలుగు దినములు పట్టును. ఆ దినములలో వేగము తగ్గించి, ప్రొద్దెక్కిన పిదప కొంచెము కొంచెముగా పరుగెత్తవలెను. ఎవడైన కూలి, పేరడిగిన తడబడెనేని, ముందు చల్లార్చుడు, పిమ్మట బండికై చూడుడు. పశువుల తొట్టిలో మెడవరకు పరుండబెట్టి, తల పట్టుకొని, బావినీరు పోయుడు. స్పృహ లేనివాని నోట నీరు పోయవలదు.

జూలై మొదటి ఆదివారమునుండి తెల్లవారుజామున నాలుగున్నరకు అభ్యాసము ఈ గ్రంథాలయపు మెట్లయొద్దనే మొదలగును. నలుగురి పేర్లతో ఒక చిట్టా తెరచితిని. దూరము, దాహము, ఎక్కము మూడును అందులో నమోదగును. మజ్జిగ కుండ నా సైకిలుమీద నుండును. ప్రాణము పోయినను ఆగనన్న నాయన మొదటి దినము నా ప్రక్కనే పరుగెత్తవలెను. వానికి పదునేడవ ఎక్కము ఇచ్చుచున్నాను.