నత్త ఎక్కడ కాపురముంటుంది?



వాన వెలిసిన పొద్దున పెరట్లోకి పోతే పాలకూర ఆకులకు తూట్లు కనబడతాయి. గోడ మీద మెరిసే చార కనబడుతుంది. అది నత్త నడిచిన దారి. రాత్రి వచ్చింది, తిన్నది, పొద్దెక్కక ముందే పోయింది. ఎక్కడికి పోయింది? ఆ చోటు తెలిస్తే మందు కొట్టే పని లేదు. ఆ ఆకునే కదా పిల్లలకు వండి పెట్టేది!

నత్తకు మూడు కావాలి. తడి, నీడ, సున్నం.

తడి: నత్త ఒళ్లు మెత్తన. ఎండ తగిలితే ఒంట్లో నీరు ఆరిపోతుంది. అందుకే రాత్రిపూట, వానపూట తిరుగుతుంది. ఎండాకాలం గుల్లలోకి ముడుచుకుంటుంది. గుల్ల మూతికి జిగురుతో పొర కట్టుకుంటుంది. నెలల తరబడి అట్లనే పడుకుంటుంది. చచ్చిందనే అనుకుంటారు. వాన పడగానే మళ్లీ లేస్తుంది.

నీడ: పగలు రాయి కింద, చెక్క కింద, ఆకుల కుప్పలో, పూలకుండీ అడుగున దాక్కుంటుంది. మెత్తని తడి మట్టిలో గుడ్లు పెడుతుంది.

సున్నం: నత్త గుల్ల సున్నంతోనే తయారవుతుంది. హైదరాబాద్ చుట్టుపక్కల ఎక్కువగా గ్రానైట్ రాళ్లే. వాటిలో సున్నం తక్కువ. అందుకే నత్త సున్నం వేసిన గోడను, సిమెంటు గోడను గీకి తింటుంది.

నత్తలన్నీ పగవి కావు. చాలా చిన్న నత్తలు కుళ్లిన ఆకు తిని మట్టికి బలమిస్తాయి. జెముడుకాకికి, మిణుగురు పురుగు పిల్లకు నత్తే కూడు.

ఆఫ్రికా నత్త సంగతి వేరు. అది గుప్పిటంత పెరుగుతుంది. 1847లో బెన్సన్ అనే ఆయన మారిషస్ నుంచి తెచ్చి కలకత్తాలో వదిలాడు. ఇప్పుడు దేశంలో చాలా చోట్లకు పాకింది. ఒక్కసారికి వందకు పైగా గుడ్లు పెట్టగలదు. మొక్కల వెంట, మట్టి వెంట ఊరూరు తిరుగుతుంది. నర్సరీ నుంచి మొక్క తెస్తే కుండీ అడుగు చూడండి.

కొన్ని నత్తలలో ఎలుకల నుంచి వచ్చిన సన్న పురుగు ఉంటుంది. అది కడుపులోకి పోతే మెదడుకు వాపు రావచ్చు. పిల్లలను నత్తలతో ఆడనివ్వకండి. ఆకుకూర బాగా కడిగి, ఉడికించి తినండి.

మరి నత్తను పట్టేదెట్లా?

1. పొద్దుగూకంగనే గోనెసంచి తడిపి మడి పక్కన పరవండి. కింద బొప్పాయి ఆకులు, క్యాబేజీ ఆకులు వేయండి.

2. తెల్లారగానే సంచి ఎత్తండి. తడికి, నీడకు వచ్చిన నత్తలు అక్కడే ఉంటాయి.

3. చేతికి ప్లాస్టిక్ సంచి తొడుక్కుని ఏరండి. ఉప్పునీళ్ల బకెట్‌లో వేయండి. తర్వాత సబ్బుతో చేతులు కడగండి.

4. మడిలో ఉప్పు చల్లకండి. మట్టి చెడుతుంది.

5. మడికి సాయంత్రం కాదు, పొద్దున నీళ్లు పెట్టండి. రాత్రికి పైమట్టి ఆరుతుంది.

ఒక్కరు ఏరితే చాలదు. పక్కింటి నత్త గోడ దాటి వస్తుంది. వాడకట్టు ఆడవాళ్లంతా కలిసి ఏరాలి.

మీ పెరట్లో తడి, నీడ, సున్నం మూడూ ఉన్న చోటు ఏది? కాగితం మీద రాయండి. పక్కింటి అక్కకు చదివి వినిపించండి.