గాజుతొట్టిలో మంచినీటి చేపలు

మొయినాబాదునకు చేరువలో రెండు సాగరములున్నవి. 1908 సెప్టెంబరులో మూసీనది పొంగి హైదరాబాదు నగరమును ముంచివేసిన పిమ్మట, మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారి సలహా ననుసరించి, వరదల నరికట్టుటకును నగరమునకు త్రాగునీ రిచ్చుటకును గండిపేటవద్ద మూసీపై ఉస్మాన్ సాగరును, దాని ఉపనదియగు ఈసీపై హిమాయత్ సాగరును నిర్మించిరి. మొదటిది 1920లోను, రెండవది 1927లోను పూర్తియైనవి. వీని నడుమ నున్న పల్లెలవారికి చేప యనగా కొరమట్ట, బొచ్చె, రోహు. అనగా వలలో పడి పొయ్యిమీదికి పోవునది. అట్టి చోటనే యిప్పుడు క్రొత్తగా కట్టుకొన్న ఇండ్ల ముందుగదులలో గాజుతొట్టి యొకటి యుంచి, అందులో రంగురంగుల చిన్నచేపలను కలిపి పెంచవలెనను ముచ్చట పుట్టినది. ఆ ముచ్చట యెట్లు తీరునో, ఎందుచేత తరచుగా తీరకపోవుచున్నదో నేడు చెప్పదలచితిమి.

సాధారణముగా జరుగునది ఇది. ఆదివారమునాడు పిల్లలను వెంటబెట్టుకొని నగరమునకు పోయి, తొట్టిని, గులకరాళ్లను, గాలిపంపును, పది పన్నెండు చేపలను ఒక్క బేరములోనే కొని తెత్తురు. సాయంకాలమునకే నీరు పోసి చేపలను వదలుదురు. మూడవనాడు ఒక చేప పైకి తేలును. వారము తిరుగునప్పటికి సగము పోవును. పదునైదు దినములకు తొట్టి ఖాళీయై, గులకరాళ్లు మాత్రము మిగులును. “మా యింటికి చేపలు అచ్చిరాలేదు” అని పెద్దలు తీర్పు చెప్పుదురు. తొట్టిని ఈశాన్యమున కాక ఆగ్నేయమున పెట్టుటయే కారణమని చెప్పువారును కలరు. దిక్కుల సంగతి మాకు తెలియదు గాని, ఈశాన్యమున నుదయపుటెండ తిన్నగా పడు కిటికీ యున్నచో, ఆ మూలనుంచిన తొట్టి నెలదినములలో పచ్చని పాచి పట్టునని మాత్రము చెప్పగలము.

చేపలు చచ్చుటకు అసలు కారణము నీటిలో నున్నది. చేప యూపిరి విడచునప్పుడే మొప్పల గుండ అమ్మోనియా యను పదార్థమును నీటిలోనికి వదలును. దాని మలమునుండియు, తినక మిగిలిన మేత క్రుళ్లుటవలనను అదియే పుట్టును. చెరువులో నది లెక్కకు రాదు. అచ్చట నీ రపారము, చేపలు కొన్ని. ఏబది లీటర్ల తొట్టిలో నట్లు కాదు. తాను విడచిన విషములోనే చేప ఈదవలసి వచ్చును. కంటికి నీరు స్ఫటికమువలె కనబడుచున్నను, మొప్పలు మండి, చేప పైకి వచ్చి నోరు తెరచుచుండును. అది ఆకలి యనుకొని మనము మరికొంత మేత వేయుదుము!

ప్రకృతిలో దీనికి విరుగుడు కలదు. ఒకజాతి సూక్ష్మజీవులు అమ్మోనియాను నైట్రైటుగా మార్చును. అదియు విషమే. మరియొక జాతి ఆ నైట్రైటును నైట్రేటుగా మార్చును. ఇది మితముగా నున్నంతవరకు చేపల కంతగా హాని చేయదు. మొక్కలకు ఎరువుగా పనికివచ్చును. ఈ జీవులు రాళ్లమీదను, ఫిల్టరులోని స్పాంజిమీదను కంటికి కానరాని పూతవలె కాపురముండును. క్రొత్త తొట్టిలో నివి యుండవు. చాలినంతగా పెరుగుటకు నాలుగు మొదలు ఆరు వారములు పట్టును. అంగడివాడు తొట్టిని, చేపలను ఒకేనాడు అమ్ముటలో నున్న చిక్కంతయు నిదియే. ఆ ఆరువారములును అతడు మనకు అమ్మలేదు.

ఈ విజ్ఞానము వెనుక నొక తండ్రికొడుకుల కథ యున్నది. 1850లో లండనులో రాబర్ట్ వారింగ్టన్ అను రసాయన శాస్త్రజ్ఞుడు ఒక గాజుపాత్రలో చేపలను, నీటిమొక్కలను, నత్తలను కలిపి యుంచి, అవి యొకదానికొకటి తోడ్పడుచు బ్రదుకగలవని లోకమునకు వెల్లడించెను. తండ్రి పేరే గల అతని కుమారుడు రోథాంస్టెడ్ వ్యవసాయ పరిశోధనాలయములో పనిచేయుచు, నేలలో అమ్మోనియా నైట్రేటుగా మారు విధమునే పరిశోధించెను. ఆ మార్పు చేయు సూక్ష్మజీవులను 1890 ప్రాంతమున వినోగ్రాడ్‌స్కీ యను రష్యా శాస్త్రజ్ఞుడు వేరుచేసి చూపెను. తండ్రి పాత్రలోని చేపలు బ్రదుకుటకు గల రహస్యములో సగము, కొడుకు పరిశీలించిన మట్టిలో నుండినది.

కావున చేపలు లేకుండనే తొట్టిని నడపుట మొదటి పని. రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు గల తొట్టిలో సుమారు 56 లీటర్ల నీరు పట్టును. నీటి బరువే ఏబదియారు కిలోలు; రాళ్లు, గాజు కలిసి డెబ్బది దాటును. దానిని చెక్కబీరువాపై నెక్కింపక, గట్టి బల్లమీద సమముగా నుంచవలెను. గాజుగిన్నెలో ఒంటరి చేపను పెంచుట సులభమనుకొందురు. అది పొరపాటు. నీరు తక్కువైనకొలది విషము త్వరగా చిక్కనగును. స్థలమున్నచో మూడడుగుల తొట్టియే మేలు.

గులకరాళ్లను కడిగి పరచి, నీరు పోసి, ఫిల్టరును రేయింబవళ్లు నడువనిండు. దినమునకు చిటికెడు చేపమేత అందులో వేయుచుండుడు. అది క్రుళ్లి అమ్మోనియా పుట్టించును. దానిని తిని సూక్ష్మజీవులు పెరుగును. చుక్కలమందు వేసి రంగును చూచు నీటి పరీక్షపెట్టెలు నేడు అంగళ్లలో దొరకుచున్నవి. చేపలకన్న ముందు కొనవలసినది ఈ పెట్టె. మొదట అమ్మోనియా పెరుగును. అది తగ్గుచుండగా నైట్రైటు పెరుగును. తుదకు మేత వేయుచున్నను రెండును సున్నకు దిగి నైట్రేటు మాత్రమే కనబడును. ఆనాడు తొట్టి సిద్ధమైనది. ఇరుగుపొరుగున ఆరోగ్యకరమైన పాత తొట్టి యున్నచో, వారి స్పాంజి ముక్కనో, గుప్పెడు రాళ్లనో తెచ్చి వేసికొన్న యెడల గడువు చాలవరకు తగ్గును. పెరుగునకు తోడు వేయుట యెట్టిదో ఇదియు నట్టిదే.

మొయినాబాదు ప్రాంతమున దీనిని మరింత జాగ్రత్తగా పాటింపవలసిన కారణ మొకటి కలదు. ఇచ్చట నేల నల్లసేనపురాతి నేల; బోరునీరు తరచుగా కఠినజలము, కొంత క్షారగుణము కలది. అమ్మోనియా విషప్రభావము క్షారజలములో పెరుగును. పి.హెచ్. ఏడుగా నున్న నీటిలో కంటె ఎనిమిదిగా నున్న నీటిలో, విషరూపమున నుండు అమ్మోనియా పాలు సుమారు తొమ్మిది పదింతలుండును. వేరొక యూరిలో చేప తట్టుకొనగల మాలిన్యము ఇచ్చట దానిని చంపవచ్చును. బోరునీటిని తోడినవెంటనే పోయక, వెడల్పు బకెట్టులో ఒక రాత్రి యుంచి గాలి తగులనీయవలెను. నల్లానీటిలో క్లోరిను కలుపుదురు. అది చేపలకును, మన సూక్ష్మజీవులకును పగ. క్లోరిను మాత్రమే యైనచో ఒక దినము నిలువయుంచిన పోవును. లేదా సోడియం థయోసల్ఫేటు గల మందుచుక్కలు వేయవలెను. త్రాగుటకు శుద్ధిచేసిన ఆర్.ఓ. నీటిలో లవణములుండవు గనుక, దానినొక్కదానినే పోయుట తగదు.

ఇక చేపలు. నీటిని చేపకు తగినట్లు మార్చుటకంటె నీటికి తగిన చేపను తెచ్చుకొనుట తెలివైన పని. కఠినజలమున సుఖముగా నుండునవి గప్పీ, ప్లాటీ, మోలీ జాతులు. ఇవి గ్రుడ్లు పెట్టవు, పిల్లలనే కనును. సుమారు నెలకొక కాన్పు. మగచేప లేకున్నను, అంగడిలోనే గర్భము ధరించిన ఆడచేప నెలలతరబడి కనుచునే యుండును. సంతానము వలదనుకొన్నవారు మగవానినే కొనవలెను.

మా మనస్సునకు నచ్చినది మాత్రము చారలచేప, అంగడిలో జీబ్రా డానియో అని పిలుతురు. ఇది మన దేశపు చేప. ఫ్రాన్సిస్ హామిల్టన్ 1822లో ప్రకటించిన గంగానది చేపల గ్రంథమున దీనిని వర్ణించియున్నాడు. నేడు ప్రపంచమంతటను ప్రయోగశాలలలో దీనిని పెంచుచున్నారు, హైదరాబాదులోని సి.సి.ఎం.బి.లో సైతము దీనిపై పరిశోధనలు జరుగుచున్నవి. చలికి వేడికి ఓర్చును, బోరునీటి కలవాటుపడును. కాని యొంటరిగా నుండనొల్లదు. ఆరింటికి తక్కువ తేరాదు. గుంపులో నున్నప్పుడే దాని యందము, దాని చురుకుదనము తెలియును.

రెండడుగుల తొట్టికి ఆరు డానియోలు, నాలుగు ప్లాటీలు చాలును. వానిని కూడ ఒక్కసారి తేక, డానియోలను తెచ్చి రెండువారములు చూచి, అమ్మోనియా లేదని పరీక్షించి, పిదప ప్లాటీలను తేవలెను. మూడడుగుల తొట్టియైనచో అడుగున తిరుగు కోరిడోరాస్ అను చిన్నజెల్లలను ఆరింటిని కలుపవచ్చును. వీనికి నునుపైన ఇసుక కావలెను. వాడిరాళ్లపై మీసములు చిదికిపోవును.

కొందరిని మాత్రము ఈ కాపురములోనికి పిలువరాదు. బంగారుచేప చల్లనీరు కోరును, మిక్కిలి మాలిన్యము చేయును, జానెడు పెరుగును. టైగర్ బార్బులు గప్పీల తోకలను కొరుకును. ఏంజెల్ చేప పెరిగిన పిమ్మట చిన్నచేపలను మ్రింగును. ఆస్కారు అడుగు పొడవగును. గాజునకు నోరంటించుకొని పాచి తినునని చెప్పి అమ్ము సక్కరుచేప, కొనునాడు బొటనవ్రేలంత. రెండు మూడేండ్లలో అడుగు దాటును. అప్పుడు దాని నేమి చేయుదురు? చంపుటకు చేయిరాక, పుణ్యమునకు పోయి చెరువులో వదలుదురు.

ఇంతకంటె చెడుపని లేదు. దక్షిణ అమెరికానుండి వచ్చిన ఈ చేప ఒడలంతయు కవచము వంటి పెంకు. వలలను చింపును, గట్టులలో బొరియలు త్రవ్వును, ఇతర చేపల గ్రుడ్లను, మేతను తినివేయును. అంగడిలో కొనువారు లేరు. కృష్ణానదీ ప్రాంతపు జాలరులు దీనిని దెయ్యపుచేప యనుచున్నారు. తూర్పుకనుమల ప్రాంతపు జలాశయములలో దీని జాడను సి.సి.ఎం.బి. శాస్త్రజ్ఞులు నీటిలోని డి.ఎన్.ఏ. పరీక్షచేత కనిపెట్టిరి. మొయినాబాదు చుట్టుపట్ల వాననీరు వాగులగుండ ఉస్మాన్ సాగరుకో, హిమాయత్ సాగరుకో చేరును. వీధి కాలువలో కుమ్మరించిన బకెట్టైనను అచ్చటికే పోవును. మన కొరమట్ట 2016 నుండి తెలంగాణ రాష్ట్ర మత్స్యము. దాని యింటిలోనికి మనచేతితో ఈ యతిథిని పంపుట యెంత తప్పు! ఎక్కువైన గప్పీలకును ఇదే మాట. వలదనుకొన్న చేపను కొన్న అంగడికే తిరిగి యిండు, లేదా మరియొక తొట్టిగలవారికిండు. తొట్టినుండి తీసిన నీటిని పూలకుండీలకు పోయుడు. నైట్రేటు గల ఆ నీరు మొక్కలకు మంచి బలము.

సాగరులలోనుండి చిన్న పరిగెలను పట్టి తెచ్చి తొట్టిలో వేయవచ్చునా యని పిల్లలడుగుదురు. చూచుటకవి యెంతో ముద్దుగా నుండును గాని, చెరువుచేపతో పురుగులు, రోగములు వెంటవచ్చును. అట్లు తెచ్చిన నాచుతో తూనీగపిల్లలు వచ్చి చేపపిల్లలను పట్టి తినుటయు కలదు.

నెలలు గడచినకొలది చాకిరి తగ్గును. వారమున కొకసారి నాలుగవవంతు నీరు తీసి, అదే వేడిగల నిలువనీరు పోయవలెను. స్పాంజిని నల్లాక్రింద తోమిన యెడల సూక్ష్మజీవులన్నియు పోయి కథ మొదటికి వచ్చును; తొట్టినుండి తీసిన నీటిలోనే దానిని పిండవలెను. మార్గశిర పుష్యములలో ఈ మెట్టప్రాంతమున రాత్రులు చల్లగా నుండును గనుక, లీటరు కొక వాటు లెక్కన చిన్న హీటరు పెట్టి, నీటిని ఇరువదినాలుగు డిగ్రీలకు దిగకుండ చూడవలెను. వేసవి ఇంకను కష్టకాలము. నీరు వేడెక్కినకొలది అందులో ప్రాణవాయువు తగ్గును. ఇరువది డిగ్రీల నీటిలో లీటరుకు తొమ్మిది మిల్లీగ్రాములు ఇముడగా, ముప్పది డిగ్రీలకు ఏడున్నరయే. అప్పుడే కరెంటు పోవును. బ్యాటరీతో నడచు గాలిపంపు ఒకటి యింట నుండుట మంచిది. లేనిచో చెంబుతో నీరు తీసి, జానెడు ఎత్తునుండి మెల్లగా మరల పోయుచుండుడు.

మేత దినమున కొకసారి, రెండు నిమిషములలో తినగలిగినంతయే. వారమున కొకనాడు వానిచేత ఉపవాసము చేయించినను మేలే. ఇంటికి వచ్చిన చుట్టములు తలా చిటికెడు వేయకుండ చూచుటయే కష్టము. డబ్బాను అటకమీద దాచుట తప్ప మాకు వేరు మార్గము తోచలేదు.

తొట్టి సిద్ధమైన పిదప చేపలను సాయంకాలమున తెండు. దీపమార్పి, సంచిని మూతితీయక పావుగంట నీటిపై తేలనిండు. పిదప మూతి విప్పి, తొట్టినీరు ఒక గ్లాసెడు సంచిలో పోసి, మరికొంత సేపాగి, మరల పోయుడు. చేపలను చిన్నవలతో తీసి వదలి, సంచినీటిని పారబోయుడు. ఆ రాత్రి మేత వలదు, గాజును తట్టవలదు. అవి రాళ్లచాటున దాగినను భయపడవలదు. మరునాటి యుదయమున చిటికెడు మేత వేసి చూడుడు. ముట్టనిచో దానిని వలతో తీసివేసి, సాయంకాలమున మరల వేయుడు.