పట్టాలు పోయిన రైలుకట్ట



రైలు ఆగి, పట్టాలు ఊడదీసిన కట్ట ఊళ్లో ఉంటే, దానిని దిక్కులేని భూమి అనుకుంటాము. ఒకరు గడ్డివామి వేస్తారు, ఒకరు మట్టి తోలుకుంటారు, ఇంకొకరు దున్ని చేలో కలుపుకుంటారు. అది పొరపాటండీ. కాకినాడ–కోటిపల్లి లైనునే చూడండి. 1940లో యుద్ధావసరాలకని పట్టాలు తీసుకుపోయారు. 2004లో మళ్లీ రైలు వచ్చింది. మధ్యన గడిచినవి 64 ఏళ్లు! పట్టాలు తీసినంత మాత్రాన భూమి మీద రైల్వేవారి హక్కు పోదు.

ఇంకొక సంగతి. కట్ట కింది తూములు నీటి కోసం కట్టినవి. తూము పూడిస్తే ఎగువ చేలలో మురుగు నిలిచి నారు కుళ్లుతుంది. తప్పు ఒకరిది, నష్టం పొరుగువానిది, తగవు ఊరందరిది.

మరి ఏం చేయాలి? కట్టను వాడుకోదలిస్తే పంచాయతీ ద్వారా రైల్వేవారి అనుమతిని వ్రాతమూలకంగా పొందండి. మనుషులకు, బండ్లకు నడిమి దారి విడవండి. సరిహద్దు రాళ్లు కదపవద్దు. కట్టవాలున గడ్డి పెరగనివ్వండి. వానకు మట్టి కోసుకుపోదు, కోసి వేస్తే పశువులకు మేత. తొలకరికి ముందే అందరూ కలిసి తూముల్లోని పూడిక తీయండి.

పట్టాలు పోయినా కట్ట ఏ ఒక్కరిదీ కాదు.