చేరినప్పటి లెక్క



అడ్మిషన్ రిజిస్టరు గురించి తప్ప వేరే మాట్లాడనని తెలిసీ నన్ను ఈ సభకు అధ్యక్షుణ్ణి చేశారు. ఇక భరించండి.

ఆడపిల్లలకు విడిగా బడి పెడితే చదువు పెరుగుతుందా, మగపిల్లలతో కలిపితేనా? పొద్దుటి నుంచి రెండు పక్షాలవారూ పరీక్షా ఫలితాలే చదివారు. ఆ పిల్లలు బడిలో చేరేనాటికి వాళ్లకు ఏం వచ్చో చెప్పినవారు ఒక్కరు లేరు. కాలువలో నీళ్లెన్ని వచ్చాయో అడక్కుండా శివారు రైతును దిగుబడి ఏదని నిలదీసినట్టుంది. డెల్టాలో పుట్టినవాళ్లం, మనకిది తగదు.

నిమ్మకూరు గురుకుల జూనియర్ కళాశాల కో ఎడ్యుకేషన్. ప్రవేశపరీక్ష నెగ్గినవాళ్లే అందులో అడుగుపెడతారు. 2004లో మొదలైన కస్తూర్బా విద్యాలయాలు ఆడపిల్లలవి. చదువు మానేసిన పిల్లల్ని వెతికి తెచ్చుకోవడానికే అవి పుట్టాయి. ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి ‘కలిసి చదివితేనే మేలు’ అని తేల్చిన ఆచార్యులు ముందు వరసలోనే ఉన్నారు. పేరు చెప్పను, నవ్వుతున్నారు కనక పోల్చుకోండి. ఏరుకున్న పిల్లలతో ర్యాంకులు కొట్టి, అది విడి క్యాంపస్ మహిమేనని ఫ్లెక్సీలు కట్టేవారిదీ ఇదే తప్పు.

2014లో పాల్కే, హైడ్, ఆలిసన్ అనే పరిశోధకులు 21 దేశాల నుంచి 184 అధ్యయనాలు, 16 లక్షల విద్యార్థుల లెక్క కలిపి చూశారు. పిల్లల నేపథ్యాన్ని సరిచూసిన అధ్యయనాల్లో విడిబడుల గొప్ప దాదాపు కరిగిపోయింది. వెంటనే మీరు సియోల్ అధ్యయనం మాటేమిటంటారు. అక్కడ విడిబడులకే మొగ్గు కనిపించింది, కాదనను. కాని అక్కడ పిల్లల్ని బడులకు పంచింది లాటరీ. మనకు లాటరీ లేదు, ఎవరు చేరారో చెప్పే రిజిస్టరు బీరువాలో ఉంది. మన రాష్ట్రపు పల్లె బడుల మీద మురళీధరన్, షేత్ చేసిన పరిశీలనలో టీచరమ్మ ఉన్న తరగతిలో ఆడపిల్లలు మెరుగ్గా నేర్చుకున్నారు, మగపిల్లలకు నష్టమూ రాలేదు. ఆడ, మగపిల్లల మధ్య గోడ గురించి గొంతు చించుకునేవాళ్లం, టీచరమ్మ గురించి ఎన్ని పేపర్లు రాశాం?

నా తప్పు కూడా చెప్పాలి. దివిసీమలో లెక్కల మాస్టారుగా ఉన్న రోజుల్లో ఎదురుమొండి పిల్లలు ఏటిమొగ రేవు దాటి వచ్చేవారు. గాలి తిరిగితే పడవ లేదు. మగపిల్లలు మర్నాడు వచ్చేవారు. ఆడపిల్లల్లో కొందరు మరిక రాలేదు. మిగిలినవాళ్లు దివ్యంగా పాసయ్యారు. ‘మా బడిలో అమ్మాయిలే ఫస్టు’ అని రిపోర్టు రాసి చప్పట్లు కొట్టించుకున్నాను. రానివాళ్ల పేర్లు ఎర్రసిరాతో కొట్టేసిందీ నేనే.

బందరులో లేడీ యాంప్తిల్ బడి ఉంది, నోబుల్ బడి ఉంది. పాత బడులకు, పాత బీరువాలకు కొదవ లేదు. 1977 ఉప్పెనకు పోయినవి పోయాయి, ఉన్నవాటిని చెదలకు వదలొద్దు. ఈసారి తీర్మానాలు వద్దు. తలా ఒక బడి రిజిస్టరు ఎత్తి రాసుకు రండి, ఎర్రసిరా పేర్లతో సహా.