పళ్లు దాటి నోటిని చూసే వైద్యం

చెన్నైలో ప్రభుత్వ దంతవైద్య కళాశాల 1953లో మద్రాసు మెడికల్ కాలేజీలో ఒక విభాగంగా మొదలై, తర్వాత స్వతంత్ర సంస్థ అయింది. మరుసటి ఏడు, 1954లో, డాక్టర్ ముత్తులక్ష్మి రెడ్డి పట్టుదలతో అడయారులో క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్ వెలిసింది. ఒకటి పళ్ల కోసం, మరొకటి ముదిరిన పుండు కోసం అన్నట్టుగా జనం మనసులో స్థిరపడ్డాయి. ఈ రెంటి మధ్య ఉన్న సుదీర్ఘ కాలం, అంటే నోట్లో తెల్లమచ్చ కనిపించిన రోజు నుంచి అది క్యాన్సరుగా మారే దాకా గడిచే ఏళ్లు, ఎవరి బాధ్యత? అది నోటి జబ్బులను చూసే దంతవైద్య శాఖ అయిన ఓరల్ మెడిసిన్ బాధ్యత. ఆ బాధ్యతను మనం ఇంతవరకు ఆ విభాగానికి పూర్తిగా అప్పగించలేదన్నదే ఈ ఉపన్యాసంలో నా వాదం.

ఈ శాస్త్రానికి తెలుగు నేల ఇచ్చినది చిన్నదేమీ కాదు. ఉత్తరాంధ్ర తీరంలో, ముఖ్యంగా ఆడవాళ్లలో, చుట్ట వెలిగించిన కొసను నోటి లోపల పెట్టుకుని కాల్చే అడ్డపొగ అలవాటుంది. మిగతా ప్రపంచంలో అరుదైన అంగిటి క్యాన్సర్ అక్కడ తరచుగా కనిపించడానికి కారణం అదేనని విశాఖపట్నం వైద్యులు రోగులను చూసి గ్రహించారు. 1969లో పరిశోధకులు ఫాలీ మెహతా, పిండ్‌బోర్గ్‌ల బృందం శ్రీకాకుళంతో సహా అయిదు జిల్లాల్లో 50,915 మంది గ్రామీణుల నోళ్లు పరీక్షించి ఫలితాలు ప్రకటించింది. ఆ పరంపరలోనే 36,000 మంది పొగాకు వాడకందారులపై జరిగిన అధ్యయనం 1986లో లాన్సెట్‌లో వచ్చింది. మాన్పించే బోధన అందిన చోట కొత్తగా మచ్చలు రావడం తగ్గిందని అది చూపింది. ఇదంతా ఇంటింటికీ వెళ్లి నోరు తెరిపించి చూసినందువల్ల తెలిసిన సత్యం.

అలాంటి విద్య ఇవాళ ఎక్కువగా కాలేజీ ఓపీలో కూర్చుంది. వచ్చిన రోగిని ముందుగా చూడటం, ఎక్స్‌రే తీయించడం, మరో విభాగానికి పంపడం దాని దినచర్య. అమెరికాలో ఈ శాస్త్రానికి బర్కెట్ పాఠ్యగ్రంథం 1946లోనే వచ్చినా, అక్కడ ఓరల్ మెడిసిన్‌కు దంతవైద్యంలో ప్రత్యేక శాఖగా గుర్తింపు దక్కింది 2020లో. రేడియాలజీ 1999లోనే వేరుగా గుర్తింపు పొందింది. మన దగ్గర దంతవైద్య పీజీ అయిన ఎండీఎస్‌లో రెండూ ఒకే చదువు. వాటిని విడదీయాలా వద్దా అన్న చర్చ నాకు అంత ముఖ్యంగా తోచదు. చదివినవాడికి రోగి మీద ఏళ్ల తరబడి హక్కూ బాధ్యతా ఉన్నాయా అన్నదే అసలు ప్రశ్న.

చర్మవైద్యులు, చెవి ముక్కు గొంతు వైద్యులు ఉండగా ఇంకొకరు ఎందుకని అడుగుతారు. పెంఫిగస్ అనే పొక్కుల జబ్బు చాలామందిలో ఒంటి మీద కాక నోట్లోనే పుండ్లుగా మొదలవుతుంది. దాన్ని మామూలు నోటిపూత అనుకుంటే నెలలు వృథా అవుతాయి. నోటి లోపలి పొర గట్టిపడే సబ్‌మ్యూకస్ ఫైబ్రోసిస్ సంగతి ఇంకా బాధాకరం. వక్క, గుట్కా నమిలే పాతికేళ్ల కుర్రాడికి ముందు కారం తగిలితే మంట, తర్వాత నోరు తెరుచుకోదు. పొగాకు కలవని వక్క కూడా క్యాన్సర్ కారకమేనని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2004 నాటి గ్రంథంలో తేల్చింది. ఈ కుర్రాడికి కావలసింది ఒక్క శస్త్రచికిత్స కాదు. అలవాటు మాన్పించడం, నోటి వ్యాయామం, మందులు, అవసరమైనప్పుడు బయాప్సీ, ఏళ్ల పాటు పిలిచి చూడటం. ఈ పనంతా తనదే అనుకునే వైద్యుడు ఒకరుండాలి.

బలమైన అభ్యంతరం మరొకటుంది. తిరువనంతపురంలో జరిగిన పెద్ద పరిశోధన ఫలితాలు 2005లో వచ్చాయి. నోటి పరీక్షల వల్ల పొగాకు, మద్యం వాడేవారిలో నోటి క్యాన్సర్ మరణాలు 34 శాతం తగ్గాయి; మొత్తం జనాభాలో మాత్రం గణాంకపరంగా నిలిచేంత తేడా కనబడలేదు. కాబట్టి అందరి నోళ్లూ చూడనక్కర్లేదనడం న్యాయమే, అంగీకరిస్తాను. కానీ 2016-17 జాతీయ సర్వే ప్రకారం దేశంలో పెద్దవాళ్లలో 21.4 శాతం పొగరాని పొగాకు వాడుతున్నారు. పొగతాగేవారు దీనికి అదనం. చూడవలసిన నోళ్లు అక్కడే ఉన్నాయి. కేరళలో ఆ పరీక్ష చేసింది తర్ఫీదు పొందిన ఆరోగ్య కార్యకర్తలు. రేపు ఫోనులో తీసిన ఫొటోను యంత్రమే వడబోయవచ్చు, అదీ మంచిదే. అయితే మచ్చ కింద గట్టిపడిందో లేదో వేలు పెట్టి చూస్తేనే తెలుస్తుంది. అనుమానం ఉందని పంపిన మనిషి ఎక్కడికి వెళ్లాలో తేల్చకుండా ఎన్ని పరీక్షలు చేసినా ప్రయోజనం లేదు.

అందుకే తమిళనాడు, ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ప్రభుత్వాలకు నా విన్నపం ఒకటే: ప్రతి జిల్లా ఆస్పత్రిలో ఓరల్ మెడిసిన్ నిపుణుడికి ఒక పోస్టు, బయాప్సీ సదుపాయం, మచ్చ ఉన్న ప్రతి రోగి పేరూ నమోదై తిరిగి పిలిపించే ఒక రిజిస్టరు ఏర్పాటు చేయండి.